ప్రిసెప్టర్ సంతకం కోసం ఓక్‌విల్ దాకా

ఉదయం ఆరింటికి మైనస్ తొమ్మిది. రాత్రంతా పడిన మంచు తెల్లారేసరికి ఆగింది. మార్కమ్‌లో మా ఇంటి ముందు మంచు ఎత్తిపోసి, ఉప్పు చల్లి, పాపకు స్కూలు డబ్బా సర్దేసరికి ఏడయింది. ఆ రోజు బుధవారం. పని ఒక్కటే: ఓక్‌విల్ వెళ్ళి ఒక సంతకం తేవడం. శుక్రవారం సాయంత్రంలోగా సంతకమున్న ఫారం యూనివర్సిటీకి చేరకపోతే నా సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న మరొకరికి పోతుంది.

ఒంగోలులో ఒక ఆస్పత్రిలో తొమ్మిదేళ్ళు డైటీషియన్‌గా పనిచేశాను. ఈ దేశంలో ఆ పని చేయాలంటే మళ్ళీ ఇంటర్న్‌షిప్ చేయాలి, పరీక్ష రాయాలి. నేను చేరింది దూరవిద్య పద్ధతిలో నడిచే ఇంటర్న్‌షిప్. పాఠాలు ఇంట్లో కంప్యూటర్ మీద. పని నేర్చుకోవడం మాత్రం ఆస్పత్రిలో, కమ్యూనిటీ క్లినిక్‌లో, వృద్ధుల కేర్ హోమ్‌లో కొన్నేసి వారాలు. వీటిని రొటేషన్లు అంటారు. ప్రతి చోటా దగ్గరుండి నేర్పే డైటీషియన్ ఒకరుండాలి. ఆమే ప్రిసెప్టర్. మామూలు కోర్సుల్లో ఈ చోట్లు కాలేజీయే చూపిస్తుంది. దూరవిద్యలో మనమే వెతుక్కోవాలి. నాకు రెండు దొరికాయి. మూడోదానికి ఒప్పుకున్నావిడ ప్రసూతి సెలవు మీద వెళ్ళిపోయింది. ఆమె స్థానంలో ఇంకొకరి కోసం నలభై ఉత్తరాలు రాశాను. మూడింటికి జవాబొచ్చింది. మూడూ కుదరదనే.

యూనియన్‌విల్ స్టేషన్‌లో ఏడున్నర దాటాక రైలెక్కాను. నగరం మధ్యలో ఉన్న యూనియన్ స్టేషన్‌కు ముప్పావుగంట. అక్కడ ప్లాట్‌ఫామ్ మారడానికి పావుగంటైనా చేతిలో ఉంచుకోండి, పొద్దున్నే జనం ఎక్కువ. ఓక్‌విల్ రైలు మరో ముప్పావుగంట. పోనూ రానూ టికెట్లు ముప్ఫై డాలర్ల లోపే. దిగేసరికి తొమ్మిదిన్నర దాటింది. స్టేషన్ బయట డాక్టర్ విశ్వనాథం గారు కారులో హీటరు వేసుకుని కూర్చుని ఉన్నారు. మా వారి స్నేహితుడికి మేనమామ. ఇక్కడి ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు గుండె డాక్టరుగా చేసి రిటైరయ్యారు. అక్కడ నా తరఫున మాట్లాడడానికి సూటు వేసుకుని వచ్చారు.

"ఇన్నాళ్ళూ ఉత్తరాలు రాసుకుంటూ ఎందుకు కూర్చున్నావమ్మా? నాతో ముందే చెబితే పోయేది కదా. నేనొక మాట చెబితే అయిపోయే పనిది" అన్నారు.

"అపాయింట్‌మెంట్ తీసుకున్నారా అంకుల్?"

"నాకా? ఆ ఆస్పత్రిలోనా?"

వెనక సీటులో ఒక స్టీలు డబ్బా ఉంది. ఆంటీ కజ్జికాయలు చేసి పంపారు, డైటీషియన్ గారికి ఇవ్వమని. నేను కాదనలేదు. మా వైపు ఏ ఆఫీసుకు వెళ్ళినా ముందు ఆలోచించేది ఎవరి చేత చెప్పించాలన్నదే. ఒంగోలులో నాకు ఉద్యోగం వచ్చిందీ అలాగే. అందులో తప్పేమీ కనిపించలేదు అప్పటికి.

ఆస్పత్రిలో డైటీషియన్ల హెడ్ పేరు కరెన్. యాభై ఏళ్ళుంటాయి. రిసెప్షన్‌లో డాక్టర్ గారి పేరు చెప్పాక అరగంటకు కిందికి వచ్చింది. ఆయన నిలబడి, నేను ఎంత బుద్ధిమంతురాలినో ఐదు నిమిషాలు చెప్పారు. ఆమె అంతా విని, కజ్జికాయల డబ్బా వైపు చూసి, "కృతజ్ఞతలు. మేం ఏమీ తీసుకోకూడదు" అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"మీరు నాకు ఎప్పుడైనా రాశారా?"

"ఈ ఆస్పత్రికి మూడుసార్లు రాశాను."

"ఎవరికి?"

డైరెక్టరుకు, ఆయన పైవారికి, ఆ పైవారికి అని చెప్పాను. గౌరవంగా రాశానని కూడా చెప్పాను.

ఆమె కోప్పడలేదు. "అలా పైనుంచి దిగి వచ్చిన ఉత్తరం నా బల్ల మీదికి వచ్చేసరికి ఆర్డర్ అవుతుంది. నాకు రోజుకు ఎనిమిది గంటలు. స్టూడెంట్ ఉంటే అందులో రెండు గంటలు ఆమెవి. దానికి నాకు ఎవరూ అదనంగా ఇచ్చేదేం లేదు. ఆ గంటలు ఇచ్చేది నేనైతే, అడగాల్సింది నన్నే కదా?"

ఈ ఏడాది తమ స్టూడెంట్లు ఖరారైపోయారని, ఖాళీ లేదని ఆమె చెప్పింది. లేచేముందు ఒక కాగితం ముక్క మీద ఒక పేరు, ఫోన్ నంబరు రాసి ఇచ్చింది. లేక్ వైపు ఒక కేర్ హోమ్ ఉందట. అక్కడికి జోన్ అనే డైటీషియన్ బుధ, శుక్రవారాలే వస్తుందట, మూడున్నరకు వెళ్ళిపోతుందట. "ముందు ఫోన్ చేసి అడగండి. డాక్టర్ గారిని కారులోనే కూర్చోబెట్టండి" అంది. నవ్వుతూనే అంది కానీ నిజంగానే అంది.

కారెక్కి ఆయన హీటరు వేశారు.

"ముప్ఫై ఏళ్ళు అదే బిల్డింగులో పనిచేశానమ్మా. పేషెంట్‌కి డైట్ అని రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఆ డైట్ ఎవరు చూస్తారో, వాళ్ళ పేరేంటో ఒక్కసారీ అడగలేదు" అన్నారు. తర్వాత డబ్బా మూత తీసి ఒక కజ్జికాయ నోట్లో వేసుకున్నారు.

"అంకుల్, మీకు షుగరుంది కదా?"

"నువ్వింకా డైటీషియన్‌వి కాలేదుగా. తినాల్సినవన్నీ ఇప్పుడే తినేయాలి."

జోన్‌కు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఏం కావాలో, ఎన్ని వారాలో, ఎందుకు తొందరో నాలుగు మాటల్లో మెసేజ్ పెట్టాను. పన్నెండున్నరకు జవాబొచ్చింది: "రెండున్నరకు రండి. వంటింటి తలుపు వైపు రండి." అంతవరకు ఒక చోట పిజ్జా ముక్క, కాఫీ తీసుకుని కూర్చున్నాం. స్టేషన్ నుంచి ఆ కేర్ హోమ్‌కు సిటీ బస్సుంది, ఇరవై నిమిషాలు. అరగంటకొకటి.

మేం డాక్టర్ గారి కారులోనే వెళ్ళాం. ఆయన కారులో ఆగారు. నేను వంటింట్లోకి వెళ్ళేసరికి జోన్ పైన ఎవరో కుటుంబం వాళ్ళతో మీటింగులో ఉంది. వంటావిడ పేరు మర్లీన్, జమైకా మనిషి. నాకు జుట్టుకు వల ఇచ్చి, చేతులు కడిగించి, స్టూలు చూపించింది. ఐదింటి భోజనానికి కోడిమాంసం మెత్తగా రుబ్బుతోంది. మింగడం కష్టమైన వాళ్ళకు అన్నీ అలా రుబ్బే పెడతారు. చెంచాతో కొంచెం తీసి పక్కకు వంచింది. ముద్ద మొత్తం ఒకేసారి జారి పళ్ళెంలో పడింది.

"చూశావా? జారాలి, కారకూడదు. చెంచాకి అంటుకుంటే గొంతుకీ అంటుకుంటుంది."

ఒంగోలులో మింగలేని వాళ్ళందరికీ ఒకటే జావ పోసేవాళ్ళం. తినిపించేది ఇంటివాళ్ళు. ఇక్కడ ఎవరు తినిపిస్తారని అడిగాను. ఒక్కో బల్లకు ఒక మనిషి, పక్కన కూర్చునే తినిపించాలి, నిలబడి కాదు అంది. గరిటెల పిడులు ఒక్కోటి ఒక్కో రంగు ఎందుకని అడిగాను. రంగును బట్టి కొలత. పక్కన పెట్టిన ఒక పళ్ళెంలో క్యారెట్ ముద్ద ముట్టుకోకుండా తిరిగొచ్చి ఉంది. అదెందుకని అడిగాను.

"ఓ ముసలాయన. నారింజ రంగుది ఏది పెట్టినా వెనక్కి పంపుతాడు. క్యారెట్, గుమ్మడి, చిలగడదుంప. అన్నీ."

"ఎందుకట?"

"నేనడిగితే గోడ వైపు తిరుగుతాడు. జోన్ పెట్టమంటుంది, నేను పెడతాను, ఆయన పంపుతాడు. ముగ్గురం జీతానికి చేస్తున్నట్టే చేస్తాం."

మూడింటికి జోన్ కిందికి వచ్చింది. బూట్లు, కోటు చేతిలో ఉన్నాయి, వెళ్ళడానికి సిద్ధంగా. నా సర్టిఫికెట్ల ఫైలు ముందుకు జరిపాను. ఆమె దాన్ని తెరవలేదు.

"ఇక్కడ ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు?"

దీనికి నేను ఇంట్లో ఒక జవాబు బట్టీ పట్టాను. అది చెప్పలేదు. "ఆ క్యారెట్ తినని ఆయనకు బదులుగా ఏం పెట్టాలో ఎవరు నిర్ణయిస్తారు? మీరా, ఈమెనా? ఆయన్ని ఎవరైనా అడుగుతారా?" అన్నాను.

"నాలుగు నెలలుగా అడుగుతున్నాం" అంది మర్లీన్ పొయ్యి దగ్గర నుంచి. "నువ్వు కూడా వచ్చి అడుగు."

జోన్ కోటు కుర్చీ మీద పెట్టి కూర్చుంది. ఎన్ని వారాలు, ఎన్ని గంటలు, నేను రాసేవి ఆమె ఎంత దిద్దాలి అని ఒక్కొక్కటే అడిగింది. అన్నీ కుదిరాయి. చివర ఒకచోట ఆగింది. ఆమె ఇక్కడుండేది రెండు రోజులే. మిగిలిన మూడు రోజులూ మిల్టన్ అవతల ఇంకో కేర్ హోమ్‌లో. అక్కడికి బస్సు లేదు.

"మీకు కారుందా?"

ఉంది, కానీ మా వారు దాంట్లోనే ఉద్యోగానికి వెళ్తారు. లేదనే చెప్పాను. ఆమె పెన్ను పక్కన పెట్టింది. ఫారం ఇద్దరి మధ్యా బల్ల మీద ఉంది.

నేను బయటికి వెళ్ళి డాక్టర్ గారి కారు అద్దం తట్టాను. విషయం చెప్పాను.

"మాట పనికిరాలేదు, కారు పనికొస్తుందన్నమాట" అన్నారాయన. "సోమ, మంగళ, గురువారాలేగా? నాకు ఆ రోజుల్లో మాల్‌లో నడక తప్ప పనేముంది? ఓక్‌విల్ స్టేషన్ దాకా రైల్లో రా. అక్కడి నుంచి నేను తీసుకెళ్తాను. లోపలికి రానులే, భయపడకు."

తిరిగి వెళ్ళి ఆ మాట చెప్పాను. రోజూ ఎన్నింటికి దింపుతారో, మంచు పడితే ఏం చేస్తానో జోన్ అడిగి రాసుకుంది. తర్వాత సంతకం పెట్టింది. కేర్ హోమ్‌కూ యూనివర్సిటీకీ మధ్య ఒప్పంద పత్రం ఒకటుంది. దాన్ని ఆఫీసుకు తనే పంపుతానంది.

ఇన్ని నెలలు నేను చోటు వెతుకుతున్నాననుకున్నాను. నిజానికి వెతకాల్సింది ఒక మనిషి రోజులో రెండు గంటలు. అవి డైరెక్టరు చేతిలో లేవు, డాక్టరు చేతిలోనూ లేవు. నలభై ఉత్తరాల్లో ఒక్కటీ ఆ రెండు గంటలున్న మనిషికి రాయలేదు. ఇలాంటి ప్రయాణం పెట్టుకున్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒకటే: పై అధికారికి కాకుండా, మీకు పని నేర్పబోయే డైటీషియన్ పేరు కనుక్కుని ఆమెకే రాయండి, ఏ వారాలు, ఎన్ని గంటలు, ఆమె ఏమేం దిద్దాలి, మీరెలా వస్తారు అన్నవి మొదటి ఐదు వాక్యాల్లోనే ఉండాలి.

మర్లీన్ భోజనాల బండి తోసుకుంటూ పై అంతస్తుకు వెళ్ళింది. మూడున్నరకు వెళ్ళాల్సిన జోన్ నాలుగుంబావుకు వెళ్ళింది. మేం నాలుగున్నరకు బయల్దేరాం.