ఎదురు స్టూడియోలో తేలిన ముఖం

ప్రొద్దుటూరులో మా స్టూడియోకి ఎదురుగానే ఇంకో ఫోటోగ్రాఫరు స్టూడియో. ఇద్దరం ఒకే గురువు దగ్గర చీకటిగదిలో ఫోటోలు కడగడం నేర్చుకున్నాం. నెగటివ్‌లను కంప్యూటర్లోకి ఎక్కించే ఫిల్మ్ స్కానర్ నేను కొన్న నెలకే అతనూ అదే రకం కొన్నాడు. అప్పటి నుంచి నాకు కడుపుమంట మొదలైంది.

నా గిరాకీ అంతా జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచి జీపుల్లో దిగే పార్టీవాళ్లది. వాళ్లకు పోస్టరు గంటలో కావాలి. ఆలస్యమంటే ఊరుకునే మనుషులు కారు. అందుకని స్కానర్లో గెయిన్ పెంచేసేవాణ్ణి, అంటే అందిన కొద్ది వెలుతురునే మెషీను పెద్దది చేసి చూపేలా. గెయిన్ పెంచితే బొమ్మ చిటికెలో పైకి తేలుతుంది గానీ, దాంతోపాటు లేని చుక్కలూ లేస్తాయి. మీటింగుల్లో మైకు సౌండు పెంచితే గరగర కూడా పెరిగినట్టు. అతను మాత్రం గెయిన్ జోలికే పోడు. ఎక్స్‌పోజరు పెంచి, నెగటివ్ గుండా వెలుతురును ఎక్కువసేపు పోనిస్తాడు. ఒక్కో ఫోటోకి టీ తాగి వచ్చేంత సేపు పడుతుంది. ఆ నత్తనడక ఎవరికి కావాలని నలుగురిలో వెటకారం చేసేవాణ్ణి. లోపల మాత్రం అతని ఫోటోల నునుపు చూసి కుళ్లుకు చచ్చేవాణ్ణి.

ఒక ఎన్నికల ముందు సింహాద్రిపురం వైపు పల్లె నుంచి ఒకావిడ వచ్చింది. ఫ్యాక్షన్ గొడవల్లో ఆమె కొడుకును చంపేశారు. అతని గుర్తుగా మిగిలింది ఒకే ఒక్క నెగటివ్. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసిన ఫోటో కావడంతో, ముఖం ఉన్నచోట ఫిల్మ్ నల్లగా దట్టంగా ఉంది; ఎండ పడిన చోటే నెగటివ్‌లో నల్లబడుతుంది. దానికి ఎక్కువసేపు వెలుతురు పట్టాలని నాకు తెలుసు. కానీ అది ఎదురు స్టూడియోవాడి పద్ధతి. నేను గెయిన్ పెంచాను.

వచ్చిన ఫోటోను ఆమె దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఇదేందప్పా? మా వాని మొగాన యాడా మచ్చల్లేవే!"

ఎదురు స్టూడియోకి పొమ్మనడానికి నాకు నోరు రాలేదు.

"నెగటివే చెడిపోయిందమ్మా. ఇంగ ఎవురి చేతా కాదు" అన్నాను.

ఆమె నెగటివ్‌ను బైబిల్లో పెట్టుకుని మెట్లు దిగింది.

వారం తర్వాత మళ్లీ వచ్చింది. ఈసారి ముఖం వెలిగిపోతోంది.

"నెగటివ్ చెడిపోలేదప్పా! ఎదురంగడి ఆయప్ప నిదానంగా తీసిచ్చినాడు. మా వాని ఫోటో పోయిందని నువ్వు శానా బాధపడతాంటావు, చూపిచ్చి పోదామని వచ్చినా."

ఫోటో నా చేతిలో పెట్టింది. అప్పుడప్పుడే వస్తున్న మీసం కూడా వెంట్రుక వెంట్రుకగా కనిపిస్తోంది. నేను సంతోషిస్తానని ఆమె నా ముఖంలోకే చూస్తోంది. నేను మాత్రం ఆ పిల్లవాడి ముఖమంతా చుక్కల కోసం వెతికాను. ఒక్కటైనా దొరకలేదు.