అట్ట మీద ఇద్దరు

మూత తీసి వాసన చూడకుండా మా అమ్మమ్మ ఏ సీసానీ ఊరికి పంపదు. దులపకుండా ఏ గౌనూ మడవదు. ఈ గల్ఫ్ దేశంలో, సల్వాలో, మేమిద్దరం పనిచేస్తూ మామా అని పిలిచే యజమానురాలి ఇంట్లో పాతబడ్డవన్నీ మా గదికే వస్తాయి. వాటిని పెద్ద అట్టపెట్టెలో సర్ది రాజోలుకి కార్గో వేయించడం ఆనందమ్మ గారికి, అంటే మా అమ్మమ్మకి, క్రిస్మస్ తర్వాత అంతటి పండగ.

2014లో ఆ సామాన్లలోకి ఒక ఇంగ్లీషు నవల వచ్చింది. మామా పెద్దకూతురు చదువుకి లండన్ పోతూ వదిలేసిన పుస్తకాల్లో అదొకటి.

"పుస్తకాలన్నీ మన చర్చి పిల్లలకి," అంది అమ్మమ్మ. "అయితే లోపలేముందో తెలీకుండా పెట్టను. చదివి చెప్పు."

సీసా అయితే ముక్కు చాలు. పుస్తకానికి నేను కావాలి. ఆవిడకి తెలుగు బైబిలు తప్ప ఇంకేదీ చదవడం రాదు. నేను పదో తరగతి రెండుసార్లు తప్పినదాన్నే గానీ, ఆ ఇంట్లోనే పిల్లల్ని చూసుకునే పనిలో చేరి, వాళ్ళ హోంవర్కు పక్కన కూర్చుని కూర్చుని ఇంగ్లీషు పట్టేశాను.

నిజానికి ఆ నవల నేను అప్పటికే చదివేశాను, బాత్రూంలో కూర్చుని. పదిహేడేళ్ళ పిల్ల ఇంకో పిల్లని ప్రేమిస్తుంది. అదీ కథ. చదువుతుంటే నా సంగతి ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసేసినట్టు ఏడుపొచ్చింది. ఒళ్ళు కూడా మండింది. ఆ పిల్లకి కోపమొస్తే ధడేలున తలుపేసుకుంటుంది. మా గదికి లోపల గడియే లేదు. విసుగొస్తే కారెక్కి పోతుంది. నా పాస్‌పోర్టు మాకు వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, బీరువాలో ఉంది.

నాకు మెర్సీ ఉంది. నర్సు. శుక్రవారం ప్రార్థనలో నా పక్కన కూర్చుంటుంది. అమ్మమ్మ లెక్కలో నా స్నేహితురాలు, అంతే. కాబట్టి ఈ పుస్తకాన్ని ఆవిడ ఏమంటే నన్నూ అదే అన్నట్టు. అది తలుచుకుని భయమేసి ఒక తెలివితక్కువ పని చేశాను. కథలో రెండో పిల్లని మగపిల్లాణ్ణి చేసి, సైమన్ అని పేరు పెట్టేశాను.

మధ్యాహ్నం మామా పడుకున్నాక వంటింట్లో వాళ్ళు ఇష్టంగా తినే ద్రాక్షాకుల చుట్టలకి ఆకుల్లో అన్నం చుడుతూ ఆవిడ వినేది. నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని.

"ఆ ఇంట్లో వంటెవరు చేస్తున్నారే?" అని రెండోరోజే అడిగింది.

"రాయలేదమ్మమ్మా."

"బట్టలెవరు ఉతుకుతున్నారు?"

"అదీ రాయలేదు."

"పనిమనిషి లేకుండా ఇంత తీరుబడిగా ప్రేమించుకుంటున్నారా! రాసినావిడ జన్మలో గిన్నె తోమి ఉండదు."

మూడోరోజు కథలో పార్టీ వచ్చింది. నేను జోరు మీద చెప్పుకుపోతున్నాను. "సైమన్‌కి మంచి బట్టల్లేవు. అందుకని ఆ పిల్ల గౌను అడిగి వేసుకున్నాడు..."

ఆకు మీద అమ్మమ్మ చెయ్యి ఆగింది. "జడపిన్నులు కూడా పెట్టుకున్నాడా?"

నేను గబగబా పేజీ తిప్పబోయాను.

ఆవిడ చేతులు కడుక్కుని, తుడుచుకుని, పుస్తకం మూసి, అట్ట మీద వేలు పెట్టింది. "మొదటిరోజు నించీ ఇక్కడ ఇద్దరాడపిల్లలున్నారు. నాకు చదువు లేదు గానీ కళ్ళున్నాయే నిస్సీ. ఎందాకా లాక్కొస్తావో చూద్దామని ఊరుకున్నాను. మళ్ళీ మొదట్నించి చదువు. ఉన్నదున్నట్టు."

"నీకు నచ్చదమ్మమ్మా."

"నచ్చడానికా వింటున్నాను? ఇరవయ్యేళ్ళ నించి ఈ దేశంలో నచ్చినవే విన్నానా? యల్లా, చదువు."

ఆవిడ పట్టు అలాంటిది. గల్ఫ్ యుద్ధమైన మూడేళ్ళకి, తాతయ్య పోయాక, పెళ్ళీడుకొచ్చిన మా అమ్మని పెద్దమ్మ దగ్గర వదిలి ఈ దేశం వచ్చింది. మొదట పనికి కుదిరిన ఇంట్లో ఆవిడ బైబిలు లాక్కున్నారట. తిరిగిచ్చేదాకా వంటింటి నేల మీద కూర్చుని లేవలేదట. రెండోరోజు పొద్దున ఇచ్చేశారు. ఆకలికి తట్టుకోలేక ఇచ్చారంటుంది ఆవిడ, వాళ్ళ ఆకలికి.

పదిహేను రోజులు చదివాను, సైమన్ లేకుండా. కొన్ని పేజీలకి కళ్ళు మూసుకుని "ప్రభువా" అనేది. కొన్నిటికి ఆకు చిరిగేటంత గట్టిగా చుట్టేది. తల్లి ఆ పిల్లని ఇంట్లోంచి పొమ్మన్నచోట మాత్రం చేతిలో ఆకు పక్కన పెట్టేసింది. "అన్నం పెట్టకుండానే పంపిందా?"

"రాయలేదు."

"పెట్టి ఉండదు. మొహం చూస్తే తెలుస్తుంది." ఆ తల్లి మొహం ఎక్కడ చూసిందో నేనడగలేదు.

ఆఖర్న ఇద్దరూ సముద్రం దగ్గర చేతులు పట్టుకుని నిలబడ్డారు.

"తర్వాత?"

"అంతే. ఖలాస్."

"ఎక్కడుంటారు? ఏం తింటారు?"

"అమ్మమ్మా, రాయలేదు!"

"సగం పని చేసి చెయ్యి కడుక్కుంది మహాతల్లి."

కార్గో వాళ్ళొచ్చే రోజు పెట్టె నిండింది. పాలపొడి డబ్బాలు, సబ్బులు, తువ్వాళ్ళు, మిగతా పుస్తకాలు. అన్నిటికన్నా చివర అమ్మమ్మ చేతిలో ఆ నవల మిగిలింది. దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"ఇది ఊరికి పోదు."

"చెడ్డదా అమ్మమ్మా?" అన్నాను. పుస్తకం గురించే అడుగుతున్నట్టు అడిగాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నా మనసు ఇంకా ఒప్పలేదు. ఒప్పిందని అబద్ధం చెప్పను. ప్రార్థన చేస్తున్నాను, చేస్తూనే ఉంటాను. నువ్వు మాత్రం ఇంకెప్పుడూ నా ముందుకి సైమన్‌ని తీసుకురాకు."

"ఏమని ప్రార్థన చేస్తున్నావు?"

"అది నాకూ ఆయనకీ మధ్య." పుస్తకాన్ని బైబిలు సంచిలో పెట్టి జిప్పు లాగింది. "అక్కడ దీన్ని ఉన్నదున్నట్టు చదివి చెప్పేవాళ్ళెవరున్నారు? సగం చదివి సగం ఊహించుకుంటారు. నా దగ్గరుంటుంది."

పెట్టెకి టేపు అతికించాం. ఆవిడ ఒక మోకాలు పెట్టి నొక్కుతుంటే నేను కత్తిరించాను. తర్వాత వంటింట్లోకి పోయి మూతడబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. లోపల పన్నెండు ద్రాక్షాకుల చుట్టలు, అన్నీ వేలెడు పొడుగు, ఒక్కటీ విడిపోలేదు.

"శుక్రవారం మెర్సీకివ్వు. ఏం తింటారో ఎవరూ రాయరు గదా."

మెర్సీ ఎనిమిది తింది. ఉప్పు కాస్త తక్కువైందంది. ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అమ్మమ్మ రెండురోజులు నాతో మాట్లాడలేదు.