ఎవర్నీ ఖాళీ చేయించని ఓనరుగారు

మేడమీద గదిలో అద్దెకు దిగిన సంగీతం అమ్మాయికి మొదటి వారంలోనే ఒక సంగతి అర్థమైంది. ఈ ఓనరుగారు ఎవర్నీ ఖాళీ చేయించరు. మనుషుల మాట ఇంకా తెలియదు గాని, చీమ మొదలు ముంగిస దాకా ఆ పెరట్లో అడుగుపెట్టిన ప్రతి ప్రాణీ ఇక ఆ ఇంటి మనిషే.

ఉత్తరాల పెట్టెలో పిచ్చుక గూడు పెట్టిందని ఉత్తరాలన్నీ పక్కింటికి వెళ్ళేవి. స్కూటరు తాళం రంధ్రంలో కందిరీగ మట్టితో ఇల్లు కట్టిందని ఆయన మూడు నెలలు నడిచారు. నిమ్మచెట్టు ఆకులన్నీ గొంగళిపురుగులు మేసి, పుల్లలు మిగిల్చాయి.

"ఒక్క నిమ్మకాయైనా కాయనిచ్చారా?" అనేది, అమ్మాయి పిన్నిగారని పిలిచే ఆయన భార్య.

"సీతాకోకలు కాస్తాయిగా, చూడు."

"పిండుకుని తాగనా వాటిని?"

పిన్నిగారి తోటపని బూటులో ఒకసారి కప్ప చేరింది. నెల్లాళ్ళు ఆవిడ రెండో బూటుతోనే గెంతుతూ మొక్కలకు నీళ్ళు పోసింది. "ఇద్దరిలో కప్ప ఎవరో తెలీక పక్కింటివాళ్ళు తికమకపడుతున్నారు" అని తనే నవ్వేది.

ఓనరుగారు ముప్పై ఏళ్ళు కోర్టు అమీనా. జనాన్ని ఇళ్ళు ఖాళీ చేయించి, సామాను వీధిలో పెట్టించడం ఆయన ఉద్యోగం. ఇప్పుడు దానికి ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నారని వీధిలో కొందరు భక్తిగా చెప్పుకుంటారు. పిన్నిగారినడిగితే వట్టి బద్ధకం అంటుంది. నమ్మదగ్గది ఈ రెండో మాటే.

ఇక అమ్మాయి భయం అమ్మాయిది. బడిలో సంగీతం టీచరు ఉద్యోగానికి నెల్లాళ్ళలో పరీక్ష. పాట వచ్చు, క్లారినెట్ కూడా వాయించాలన్నారు. వెండి మీటల ఆ నల్లటి గొట్టం ఆమె చేతిలో తోక తొక్కిన పిల్లిలా అరిచేది. ఆ అరుపుకే ఇంతకుముందు ఇద్దరు ఓనర్లు సామాను సర్దుకోమన్నారు. అందుకే ఇక్కడ పరీక్ష సంగతి చెప్పింది గాని, క్లారినెట్ ఊసెత్తకుండా దిగింది. రోజూ మధ్యాహ్నం మూడింటికి కిటికీలు మూసి, సందుల్లో దుప్పట్లు కుక్కి ఊదేది. కింద ఎవరూ కిక్కురుమనకపోయేసరికి వినబడటం లేదనుకుంది.

మూడు వారాలకు, ఒక ఆదివారం, వీధిలోవాళ్ళు నలుగురు గేటు దగ్గర చేరారు. బయటికి వెళ్ళబోతున్న అమ్మాయి మెట్లమీదే ఆగిపోయింది.

"ఇదేం బావులేదండీ," అన్నాడు ఎదురింటి పళ్ళ డాక్టరు. "రోజూ మూడింటికి మొదలు! నా దగ్గరకొచ్చే పేషెంట్లు లోపల ఎవరికో పన్ను పీకుతున్నాననుకుని పారిపోతున్నారు. దాన్ని పంపించెయ్యండి."

దాన్ని అంటే తననేననుకుంది అమ్మాయి. పరీక్షకింకా పది రోజులుంది. మూడో ఇల్లూ పోయినట్టే.

"ఎలా పంపనండీ? నా పెరట్లో గూడు పెట్టుకుందాయె," అన్నారు ఓనరుగారు తాపీగా.

"పిట్ట పిట్ట అంటారేగాని ఒక్కసారైనా చూపించారా?"

"మహా సిగ్గరి. ఇంకా పిల్ల. ఇప్పుడిప్పుడే గొంతు విప్పుతోంది. పది రోజులు ఓపిక పట్టండి."

"అసలిది ఏ జాతండీ?"

"పుస్తకాల్లో వెతుకుతున్నా."

"నేను చూశాను," అంది పిన్నిగారు మొక్కల మధ్యనుంచి. "నల్లటి ముక్కు, ఇంత పొడుగు. దానిమీద వెండి చుక్కలు."

డాక్టరు గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళూ కదిలారు. అమ్మాయి మెట్లు దిగి ఓనరుగారి దగ్గరకొచ్చింది.

"బాబాయ్‌గారూ, మీకు వినబడుతోందా?"

"వీధి చివరిదాకా వినబడుతోందమ్మాయ్."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావుగా." ఆయన గొంతు తగ్గించారు. "ఒక్కటే చిక్కు. మధ్యాహ్నం ఎండలో ఏ పిట్టా అంతసేపు కూయదు. డాక్టరు తెలివైనవాడు, పట్టేస్తాడు. రేపట్నుంచి పొద్దున్నే ఆరింటికి మొదలెట్టు."

"అలాగే బాబాయ్‌గారూ."

"దగ్గు మాత్రం ఆపుకో తల్లీ," అంది పిన్నిగారు. "మొన్న నువ్వు మధ్యలో దగ్గావు. పిట్టకి జలుబు చేసిందని వాళ్ళని నమ్మించేసరికి మాకు తలప్రాణం తోకకొచ్చింది."