ముందుగది కర్టెన్లు

మా అక్క ఇరవై ఏళ్ళకు పైగా విజయవాడలో ఊళ్ళోవాళ్ళ ఇళ్ళకు కర్టెన్లు, సోఫా కవర్లు, దిండు గలీబులు కుట్టింది. కొలతలకని వెళ్ళినప్పుడు గుమ్మంలోనే ఆగి గదంతా ఒకసారి పరికించేది. "ఆ బీరువా కిటికీకి అడ్డంగా పెట్టారేంటండీ? ఇటు గోడకి జరపండి, తర్వాత చూద్దాం కర్టెన్ సంగతి" అనేది. జరిపాక కొన్ని ఇళ్ళలో కొత్త కర్టెన్ల అవసరమే కనిపించేది కాదు. చేతికొచ్చిన పని పోగొట్టుకుని నవ్వుకుంటూ ఇంటికొచ్చేది.

మా ఇంటిని మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. కాలువకు దగ్గరలో నాన్న కట్టించిన రెండు గదుల ఇల్లు అది. అక్కకు పెళ్ళయిన ఆరేళ్ళకే బావ పోయాడు. పిల్లలు లేరు. నేను పెళ్ళి చేసుకోలేదు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. ఇద్దరమే ఉండేవాళ్ళం. ముందుగది నిండా ఆమె మిషను, గుడ్డల మూటలు, కత్తిరింపు ముక్కలు. కిటికీకి పాత చీర ఒకటి సగానికి చింపి తాడు మీద వేలాడదీశాం. ఊరందరి కిటికీలకూ కుట్టిన మనిషి ఇంట్లో అదే కర్టెన్.

ఆమెకు యాభై దాటాక వస్తువులు తగలడం మొదలైంది. తలుపు చెక్కకు భుజం కొట్టుకునేది. పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చూడకుండా చెయ్యి ఊపి పడేసేది. "చూసుకోవచ్చు కదక్కా" అని నేను విసుక్కునేదాన్ని. ఆ విసుగు గుర్తొస్తే ఇప్పటికీ తల వంచుకుంటాను.

చివరికి కళ్ళ ఆసుపత్రికి వెళ్ళాం. గ్లకోమా, నీటికాసులన్నారు. రెండు కళ్ళకూ ఉన్నాయి. పక్కచూపు చాలావరకు పోయిందనీ, మధ్యలో మిగిలింది కూడా తగ్గుతూ ఉందనీ డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. "పోయిన చూపు రాదమ్మా. ఉన్నదాన్ని కాపాడుకోవాలి, చుక్కలు మానొద్దు" అన్నారు.

ఆటోలో అక్క కొట్ల వైపు తల మొత్తం తిప్పి, ఒక్కో బోర్డునూ గొట్టంలోంచి చూస్తున్నట్టు చూస్తోంది. ఉన్నట్టుండి, "ఇంటికి రంగులేయిద్దామే" అంది.

డాక్టరుగారి మాట ఆమెకు సరిగ్గా అర్థం కాలేదేమో అనుకున్నాను. "ఇప్పుడా అక్కా?"

"ఇప్పుడు కాకపోతే నాకెందుకే?"

ఆ మరుసటి వారమే పని మొదలైంది. నేను నా భయం కొద్దీ నా జాబితా రాసుకున్నాను. బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ, రెండు గదుల మధ్య మెట్టు అంచుకు నల్లరంగు పట్టీ, దారిలో ఏ స్టూలూ లేకుండా సర్దడం. అక్క అన్నిటికీ సరేనంది. "అవన్నీ నీ ఇష్టం. ముందుగది మాత్రం నాది" అంది.

రంగుల కార్డును కిటికీ దగ్గర పట్టుకుని రెండు రోజులు చూసింది. ఒకసారికి ఒక గడే కనిపించేది, అందుకే ఒక్కో గడి మీదా వేలు పెట్టుకుంటూ జరిగేది. లేత మొక్కజొన్న గింజలా ఉండే పసుపు దగ్గర ఆగింది. రంగులు వేసే పెద్దాయన ఒప్పుకోలేదు.

"చెమ్మ గోడలమ్మా ఇవి. కాస్త ముదురు రంగైతే మరకలు కనపడవు."

"మరకలు నాకెలాగూ కనపడవులే బాబూ. రంగు కనపడేదెయ్యండి" అంది అక్క. ఆయనకేం అర్థమైందో గానీ లేత పసుపే వేశాడు.

కర్టెన్ గుడ్డ కోసం ఒక ఆదివారం చర్చి నుంచి అటే మంగళగిరి బస్సెక్కాం. కొట్టులో అక్క తానులు విప్పించి, కళ్ళతో కంటే వేళ్ళతోనే ఎక్కువ చూసింది. చివరికి నారుమడి పచ్చ మీద సన్నటి అంచు ఉన్న గుడ్డ తీసుకుంది.

"కర్టెన్లకా అండీ? దీన్ని ఒంటి మీదకే తీసుకెళ్తారు" అన్నాడు కొట్టాయన.

"ఈసారి మా కిటికీ కట్టుకుంటుందిలెండి" అంది. ఆమె మొహంలో అలాంటి వెలుగు ఆసుపత్రికి వెళ్ళొచ్చాక అదే మొదటిసారి చూడటం.

రెండు వారాలు కుట్టింది. పక్క కుట్లు మిషను మీద వేసింది గానీ, అడుగు అంచు మాత్రం చేత్తోనే హెమ్మింగ్ చేస్తానంది. మగ్గం గుడ్డకు అడుగున మిషను కుట్టు పడితే బిర్రుగా లాగేస్తుందనీ, చేతికుట్టయితే గుడ్డ జారుగా పడుతుందనీ ఆమె పట్టింపు. పగలంతా కిటికీ దగ్గర ముక్కాలిపీట మీద కూర్చుని, గుడ్డను మొహానికి దగ్గరగా పెట్టుకుని కుట్టేది. నేను స్కూలు నుంచి వచ్చేసరికి కళ్ళ వెంట నీళ్ళు కారుతూ ఉండేవి.

తగిలించాక చూస్తే ఒక కర్టెన్ అంచు వంకరగా పోయింది. ఒక పక్క నాలుగు వేళ్ళు పైకి లేచింది. కుట్లు ఒకచోట పొడుగ్గా, ఒకచోట ముద్దగా పడ్డాయి. అక్క గది మధ్యలో నిలబడి, తల అటూ ఇటూ తిప్పుతూ ముక్కలుముక్కలుగా చూసుకుంటోంది.

"ఎలా ఉన్నాయే?"

"చాలా బాగున్నాయక్కా."

నిజంగానే నమ్మింది. ఆ సాయంత్రం పాట ఒకటి కూనిరాగం తీసుకుంటూ వంట చేసింది.

క్రిస్మస్ దగ్గర పడేసరికి అక్క చూపు ఇంకా తగ్గింది. పండగ ముందు మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. వచ్చేవాళ్ళలో సగం మంది అక్క చేత కర్టెన్లు కుట్టించుకున్నవాళ్ళే. వాళ్ళు ఆ వంకర చూస్తారు, ఒకరి మొహం ఒకరు చూసుకుని "పాపం" అనుకుంటారు. అది నేను భరించలేననిపించింది. అక్క రెండు రోజులకని మైలవరంలో పిన్ని దగ్గరికి వెళ్ళినప్పుడు కర్టెన్లు దించి, బజారులో దర్జీకి ఇచ్చి, కుట్టంతా విప్పించి, తిన్నగా మిషను మీద వేయించాను. మళ్ళీ తగిలించి చూసుకుంటే మంచిపని చేశాననే తృప్తి కలిగింది.

అక్క తిరిగొచ్చిన రోజు, పిన్ని కబుర్లు చెబుతూనే ఎండ పడుతోందని కర్టెన్ లాగడానికి వెళ్ళింది. చెయ్యి గుడ్డ వెంబడి కిందకు జారింది. మాట మధ్యలోనే నేల మీద కూర్చుని, బొటనవేలితో అంచు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా తడిమింది.

"ఇది నా కుట్టు కాదే."

"నీదే అక్కా."

"మిషను కుట్టు ఇది."

ఇక దాచలేకపోయాను. "వంకరగా వచ్చిందక్కా. నలుగురూ వస్తారని..."

"ఎంత వంకర?"

"ఒక పక్క నాలుగు వేళ్ళు."

తన నాలుగు వేళ్ళను అంచు మీద ఆనించి కాసేపు అలాగే ఉంచుకుంది. "ఆ రోజు అడిగితే బాగుందన్నావు. వంకరని చెప్తే నేనే విప్పుకునేదాన్ని కదే. అప్పటికింకా కనపడేది నాకు." తర్వాత నా వైపు తిరిగింది. అయితే ఆ చూపు నా మీద కాక నా పక్కన గోడ మీద ఆగింది. "అడుగేసే ముందు మెట్టుందా లేదా అని కూడా నిన్నే అడుగుతున్నాను. ఇకమీదట నువ్వు చెప్పింది ఎలా నమ్మనే?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. మర్నాడు ఆ కర్టెన్‌కు మిషను కుట్టు నేనే విప్పి, సూది ఎక్కించి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాను. మూడు రోజులు ప్రయత్నించింది. సూది గుడ్డలోకి కాకుండా వేలిలోకి దిగేది. పచ్చ గుడ్డ మీద చిన్న చిన్న నెత్తుటి మరకలు పడ్డాయి. నాలుగో రోజు మడత పెట్టి నా చేతికిచ్చింది. "వద్దులేవే. ఆ దర్జీకే ఇచ్చెయ్." ఆ తర్వాత ఆమె సూది పట్టుకోలేదు. మిషను ఎవరికైనా ఇచ్చెయ్యమంది. నాకు మనసొప్పక మూత వేసి ఒక మూలకు జరిపాను.

ప్రార్థన రోజు గది నిండా జనం. లేత పసుపు గోడలు, పచ్చటి కర్టెన్లు చూసి అందరూ మెచ్చుకున్నారు. చర్చిలో పెద్దావిడ ఒకరు కర్టెన్ అంచు పట్టుకుని చూసి, "ఎంత తిన్నగా కుట్టావమ్మా, నీ చేతిపని ఏ మాత్రం తగ్గలేదు" అన్నారు.

"నేను కాదండీ. బయట కుట్టించాం" అంది అక్క. గొంతులో కోపం లేదు. నేను టీ గ్లాసుల పళ్ళెంతో అక్కడే నిలబడి ఉన్నాను. ఆమె నన్ను ఒక్క మాట తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు ఆమెకు వెలుగూ చీకటీ మాత్రమే తెలుస్తాయి. మేం మామూలుగానే మాట్లాడుకుంటాం, కలిసే తింటాం. కాకపోతే ఆదివారం చర్చికి తయారయ్యాక ఆమె నన్ను అడగదు. ప్రహరీ గోడ దగ్గరకు వెళ్ళి, "ఏమండీ, ఈ చీర మీదకి ఈ జాకెట్టు నప్పిందాండీ?" అని పక్కింటావిడను పిలుస్తుంది. వంటింట్లోంచి వింటూ నేను నా పని చేసుకుంటాను.

మొన్నామధ్య పక్కింటావిడ ఊళ్ళో లేదు. అక్క గోడ దగ్గర రెండుసార్లు పిలిచి, లోపలికొచ్చి, తలుపు పట్టుకుని నిలబడింది. నన్ను అడిగింది.

చూశాను. "నప్పలేదక్కా. చీర వంగపండు రంగు, జాకెట్టు ఎరుపు."

"నిజమేనా?"

"నిజం."

జాకెట్టు మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.