అప్పన్నకి రెండు స్టేషన్లలో వీడ్కోలు

నిన్న పొద్దున్న కౌలాలంపూర్ నుంచి వాట్సాప్ కాల్.

"అంకుల్, నానగారు ఎల్లిపోనారండి."

అప్పన్న కూతురు. "ఎక్కడికమ్మా?" అన్నాను.

నిజంగానే అడిగాను. ఈ వయసులో కూడా వాడు ఇంట్లో కాలు నిలిపే మనిషి కాదు. ఆ పిల్ల ఏడుపు విన్నాక గానీ బుర్రకి ఎక్కలేదు.

మీలో చాలామందికి అప్పన్న తెలీదు. అరవైల మొదట్లో ఇంజినీరింగ్ చదవడానికి మలాయా నుంచి ఖరగ్‌పూర్ వచ్చాడు. వాళ్ళ తాత శ్రీకాకుళం వైపు నుంచి అక్కడి రబ్బరు తోటల్లో పనికి వెళ్ళిన మనిషి. నేను వాడి క్లాస్‌మేట్‌ని. అదే ఊళ్ళో ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే కాలనీలో మా రైల్వే క్వార్టర్ నుంచి సైకిల్ మీద కాలేజీకి వెళ్ళేవాణ్ణి.

వాడి తెలుగు మా తెలుగు కన్నా పాతది. తాత ఓడెక్కిన రోజున ఎలా ఉందో అలాగే ఉండిపోయింది.

మొదటిసారి భోజనానికి తీసుకొస్తే ఆ మాట విని అమ్మ మురిసిపోయింది.

"ఏ ఊరు బాబూ మీది?"

"మలాయా అమ్మా."

"ఏ టేసన్లో దిగాల?"

నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టర్. అమ్మకి ప్రపంచమంటే స్టేషన్లే.

"రైలు ఎల్లదమ్మా. పడవెక్కాల."

"ఓహో, గోదారవతలన్నమాట," అంటూ అమ్మ ఇంకో చేప ముక్క వేసింది.

కరెక్ట్ చేద్దామనుకున్నాను. చేప బాగుంది. మర్చిపోయాను.

అలా చదువంతా అయిపోయింది. వాడు మద్రాసు వెళ్ళి ఓడ ఎక్కాలి.

స్టేషన్‌కి నేనూ, మా ఇంకో క్లాస్‌మేట్ బిశ్వజిత్, అమ్మా వెళ్ళాం. మేమిద్దరం పెట్టెలోకి ఎక్కి, వాడి ఇనప ట్రంకుని సీటు కిందకి తోస్తున్నాం. అది వెళ్ళదు. ఈలోపు మా అమ్మ కాళ్ళకి దణ్ణం పెట్టడానికి అప్పన్న కిందకి దిగాడు.

అమ్మ దీవెనలు ఎప్పుడూ పొడుగే. ఆరోగ్యం, ఉద్యోగం, పెళ్ళాం... పిల్లల చదువుల దగ్గరికి వచ్చేసరికి బండి కదిలింది.

వాడు పరిగెత్తబోయాడు. అమ్మ కాలర్ పట్టేసింది.

"కదిలే బండెక్కుతావేటిరా? సచ్చిపోతావు!"

ఆ ఒక్క విషయంలో అమ్మ ఎవరి మాటా వినదు.

మేం తలెత్తి చూసేసరికి ప్లాట్‌ఫాం వెనక్కి పోతోంది. దాని మీద అప్పన్న.

మాకు చెయ్యి ఊపుతున్నాడు!

కాసేపటికి బెంగాలీ టీటీఈ వచ్చాడు. సామాను మా దగ్గర. టికెట్ అప్పన్న జేబులో.

"జాత్రీ కోథాయ్?" ప్రయాణికుడు ఎక్కడ అని.

"ఖరగ్‌పూర్‌లో," అన్నాడు బిశ్వజిత్.

"మరి మీరు?"

"మేం సెండాఫ్‌కి వచ్చాం సార్."

ఆయన ఎదురు సీట్లో కూలబడి, టోపీ తీసి మరీ నవ్వాడు. ముందొచ్చే బాలాసోర్‌లో సామానుతో సహా దింపి స్టేషన్ మాస్టర్‌కి అప్పగించాడు. ఆయన ఖరగ్‌పూర్‌కి కబురు పంపాడు.

సాయంత్రం ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన పాసింజర్‌లో అప్పన్న దిగాడు. వెనకే అమ్మ, చేతిలో కారియర్‌తో.

"నువ్వెందుకొచ్చావమ్మా?"

"మీ ముగ్గురిలో ఒక్కడికైనా బండెక్కడం వొచ్చేటి?"

బల్ల మీద కూర్చుని నలుగురం అన్నం తిన్నాం. టికెట్ తర్వాతి మద్రాసు బండికి పనికొచ్చేలా స్టేషన్ మాస్టర్ రాసిచ్చాడు. ఓడకి ఇంకా టైముంది కాబట్టి సరిపోయింది.

ఈసారి మేమెవరం పెట్టె ఎక్కలేదు. అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

"దసరాకి వొచ్చీ," అంది.

అప్పన్న కిటికీలోంచి మెల్లగా చెప్పాడు. "సముద్రం దాటాలమ్మా. మల్లీ ఎప్పుడొస్తానో ఏటో."

అమ్మ నావైపు తిరిగింది. "సముద్రమేటిరా? గోదారి కాదేటి?"

నేను సిగ్నల్ వైపు చూశాను.

బండి కదిలింది. అమ్మ దాంతోపాటు నడిచింది. తర్వాత పరిగెత్తింది. ఎంత పిలిచినా ఆగలేదు. కిటికీలోంచి వాడి చెయ్యి పట్టుకుని, ప్లాట్‌ఫాం చివర వదిలింది.

తిరిగొచ్చే బండిలో నాతో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

పదేళ్ళ తర్వాత వాడు భార్యని తీసుకుని వచ్చాడు. అమ్మ ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని వారం రోజులూ వాడి మీద చాడీలు చెప్పింది. ఆవిడ అన్నీ నమ్మింది. అన్నీ నిజాలే.

ఇవాళ కలకత్తాలో ఉన్న బిశ్వజిత్‌కి ఫోన్ చేశాను. వాడికి చెవులు సరిగ్గా వినబడవు. చావు కబురు అరిచి చెప్పాల్సి వచ్చింది. మా అపార్ట్‌మెంట్ అంతా విన్నది.

కబురు చెప్పడం అయిపోయింది.

ఫోన్ మాత్రం ఇద్దరం పెట్టెయ్యలేదు.

సెలవురా అప్పన్నా. నువ్వున్న చోట అంతా నెమ్మదిగా, చల్లగా ఉండాలి. నీ ఇంటివాళ్ళకి ఈ దుఃఖం తట్టుకునే బలం రావాలి.