పెదవి కదపని పరీక్ష

ప్రెస్సులో అందరూ ఆమెను రేడియో అనేవారు. మొహం మీద ఎవరూ అనలేదు గానీ ఆమెకు తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఇరవై రెండేళ్లు ఆమె చేసిన ఉద్యోగం పైకి చదవడం. రాతప్రతి పట్టుకుని ఆమె చదువుతుంటే, బల్లకు అటువైపు మాస్టారు అచ్చు కాగితం మీద తప్పులు దిద్దేవారు. చదవడమంటే మీరూ నేనూ చదివినట్టు కాదు. "గాలి కామా వాన కామా చీకటి ఫుల్‌స్టాప్ కొత్త పేరా" అంటూ కాగితం మీదున్న చుక్కని కూడా నోటితో చెప్పాలి.

ఇంత నోరున్న మనిషికి ఎదురుగా దొరికింది నోరు విప్పని మనిషి. మాస్టారికి చిన్నప్పటి నుంచి నత్తి. బస్సులో తన స్టాపు పేరు చెప్పలేక, ఎవరో దిగినచోటే తనూ దిగి నడిచిపోయే రకం. ఆమె చదివింది అచ్చుతో సరిపోతే ఊరుకునేవారు. అనుమానం వస్తే బల్ల మీద పెన్నుతో రెండుసార్లు కొట్టేవారు. అంటే, మళ్లీ చదువు. ఇరవై రెండేళ్లపాటు ఆ రెండు దెబ్బలతోనే వాళ్లిద్దరికీ పని గడిచిపోయింది.

తప్పులు దిద్దే పని కంప్యూటరుకు అప్పగించి ఆ సెక్షను ఎత్తేశారు. మాస్టారికి ఎలాగూ వయసైపోయింది, ఇంటికెళ్లారు. ఆమెకు నలభై ఐదు. ఇటు ముసలీ కాదు, అటు పడుచూ కాదు. ఎక్కడికెళ్లినా కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి పంపేవారు. చివరికి కూతురు ఒక ఆఫీసు కనిపెట్టింది. ఎక్కడో దూరాన పెద్ద పెద్ద హాళ్లలో పేర్చిన కంప్యూటర్లను జనం అద్దెకు వాడుకుంటారట, దాన్నే క్లౌడ్ అంటారట, వాళ్లకు ఇబ్బంది వస్తే సాయం చెయ్యడం ఈ ఆఫీసు పని. అక్కడి మేనేజరమ్మ ఒక నివేదిక చేతికిస్తే, మన రేడియో పది నిమిషాల్లో పదకొండు తప్పులు పట్టుకుంది.

"మీలాంటి కళ్లు మాకు కావాలండీ. కానీ క్లౌడ్‌లో మొదటి మెట్టు సర్టిఫికెట్ అయినా లేకుండా తీసుకోలేను. నెలాఖరు దాకా సీటు ఉంచుతాను" అంది ఆవిడ.

ఇక ఇల్లు ఇల్లుగా లేదు. పొద్దున్నే వంటింట్లోంచి పాఠాలు, కామాలతో సహా. మొగుడు లిఫ్టు మెకానిక్కు. గడ్డం గీసుకుంటూ వినీ వినీ ఆయనకి సగం సిలబస్ కంఠతా వచ్చేసింది. ఒకరోజు ఎక్కడో లిఫ్టు ఎందుకాగిందని అడిగితే, "ఒకటి ఆగితే ఇంకోటి అందుకోవాలి, ఉన్నది ఒక్కటే కదండీ, హై అవైలబిలిటీ ఎక్కణ్నించి వస్తుంది?" అని చెప్పి వచ్చాడట.

"అమ్మ బదులు నాన్నని కూర్చోబెడితే పాసైపోతాడు" అంది కూతురు.

పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు, అవతలి నుంచి ఎవరో కనిపెట్టి చూస్తుంటారు. గదిలో ఇంకెవరూ ఉండకూడదు, బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు, ప్రశ్నలు పైకి చదవకూడదు. ఆ ఆఖరి నియమాన్ని కూడా ఆమె పైకే చదివింది. అప్పుడైనా వెలగాలి కదా, వెలగలేదు.

ఐదో ప్రశ్న దగ్గర తెర మీద హెచ్చరిక వచ్చింది, పెదవులు కదపవద్దని. కంగారులో "సారీ అండీ" అని పైకే అంది. పన్నెండో ప్రశ్న పొడుగ్గా ఉంది. తనకు తెలియకుండానే గొంతు లేచింది. అంతే, తెర మూసుకుపోయింది. నియమాలు ఉల్లంఘించినందున పరీక్ష నిలిపివేయడమైనది అని ఒక్క వాక్యం మిగిలింది.

పరీక్ష తప్పినా ఇంత బాధపడేది కాదు. జీవితమంతా ఒకరి తప్పులు పట్టిన మనిషిని ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు దొంగలా చూశాడు. మొగుడు వచ్చి పక్కన కూర్చున్నాడు.

పద్నాలుగు రోజులాగి మళ్లీ రాయొచ్చు. లెక్కేస్తే నెలాఖరుకు రెండు రోజుల ముందు. అది కూడా పోతే సీటు పోయినట్టే. మౌనంగా చదవడానికి ఆమె పడని పాట్లు లేవు. నోట్లో నీళ్లు పోసుకుని చదివింది. మూడో లైన్లో మింగేసింది, నాలుగో లైను పైకొచ్చింది. పళ్లు బిగించి చదివితే కళ్లు లైన్ల మీంచి జారిపోయాయి, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నాలుగో రోజు సాయంత్రం నమూనా ప్రశ్నల కాగితాలు పట్టుకుని మాస్టారి గదికి వెళ్లింది.

"మాస్టారూ, నోరు మూసుకుని చదవడం ఎలాగో చెప్పండి. ఇన్నేళ్లూ మీరు చేసింది అదేగా!"

మాస్టారు తల అడ్డంగా ఊపారు. "నే... నేనెక్కడ చదివానమ్మాయ్? చ... చదివింది నువ్వు. ఇప్పటికీ పేపరు తీస్తే, నీ గొంతే చదువుతుంది."

తర్వాత చెయ్యి చాచారు. "ఇ... ఇటివ్వు."

ఆమెకు అర్థమయ్యేసరికి ఆయన పైకి చదవడం మొదలుపెట్టేశారు. స్టాపు పేరు చెప్పలేని మనిషి 'రెస్పాన్సిబిలిటీ' అనే మాటను చెమటలు కక్కుతూ పట్టుకున్నారు. ఆమె ఉండబట్టలేక మాట అందించింది. బల్ల మీద పెన్ను రెండుసార్లు పడింది. ఆ తర్వాత ఆమె మళ్లీ అందించలేదు. కాగితం మీద కళ్లు పెట్టి, ఆయన ఆగినచోట ఆగుతూ, కదిలినప్పుడు కదులుతూ కూర్చుంది.

తొమ్మిది సాయంత్రాలు అలా చదివారు. ఒక్కో ప్రశ్నకు ఐదేసి నిమిషాలు. మధ్యలో ఒకసారి ఆగి మాస్టారు నవ్వారు. "మె... మెషీను పాడైతే ప్రెస్సు వాళ్లది తప్పు. అ... అక్షరం తప్పైతే మనది. ఇదీ అంతేగా!" నిజంగానే అంతే. హాళ్లు, కంప్యూటర్లు, కరెంటు అద్దెకిచ్చినవాళ్ల పూచీ. లోపల దాచుకున్నదీ, దాని తాళమూ మన పూచీ. ఇన్నాళ్లుగా బట్టీ పట్టినా ఎక్కనిది ఆమెకు అప్పుడు ఎక్కింది.

రెండోసారి పరీక్ష రోజు మొగుడూ కూతురూ తలుపు బయట ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. లోపల ఆమె పెదవులు కలిపి తెర వంక చూసింది. చెవిలో మాస్టారి గొంతు మొదలైంది. తడబడుతూ, ఒక్కో మాట దగ్గరా పెనుగులాడుతూ. ఆమె తొందరపడలేదు. ఇరవై ఏడో ప్రశ్న, అద్దెకిచ్చినవాళ్ల పూచీ ఏది అన్నట్టే ఉంది. జవాబు నొక్కేసేదే. కానీ చెవిలో గొంతు ఒక మాట దగ్గర ఆగిపోయింది, ఆమె కూడా ఆగింది. 'కానిది' ఏది అని అడుగుతున్నారు. వేలు వెనక్కి తీసుకుంది. హెచ్చరిక ఒక్కటీ రాలేదు.

తలుపు తియ్యగానే ఇంట్లో గోల గోల. కూతురు మెడకు వేలాడింది. మొగుడు గోడకు తిరిగి కళ్లు తుడుచుకుని, "నాకు ముందే తెలుసు" అన్నాడు. ఆమె ఫోను తీసి మాస్టారికి చేసింది. అటునుంచి ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. ఆయన ఫోనులో మాట్లాడరని ఆమెకు తెలుసు.

గొంతు సవరించుకుని, పది రోజుల తర్వాత మొదటిసారి పైకి చదివింది. "అభినందనలు కామా మీరు ఈ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు ఫుల్‌స్టాప్."

అవతల చెక్క బల్ల మీద పెన్ను రెండుసార్లు కొట్టిన చప్పుడు వినిపించింది.

ఆమె కళ్లు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివింది.