వరంగల్‌కు ఒక రిహార్సల్

మా పాపకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఒక ఆదివారం పొద్దున మా ఆయన ఇడ్లీ తింటూ, "ఎక్కడికైనా పోదాం. రెండు రోజులు, మనం ముగ్గురం," అన్నాడు. నేనప్పుడు పాప నోట్లోంచి దాని సాక్సు బయటికి లాగుతున్నాను. ఇంకో నెలన్నరలో నా సెలవు అయిపోతుంది, మళ్ళీ బడికి వెళ్ళి పాఠాలు చెప్పాలి. ఆ ఎనిమిది నెలల్లో నేను చూసిన ప్రపంచమంతా మారేడ్‌పల్లిలోని మా అద్దె ఫ్లాటు, పిల్లల డాక్టరు క్లినిక్కు, సందు చివర కూరగాయల బండి. అందుకే వివరాలేవీ అడగకుండా సరే అనేశాను. అడగాల్సింది.

మా ఆయన ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి వాళ్ళకు నిద్ర లేకుండా చేయడం. దేన్నైనా ముందు పరీక్షించకుండా జనంలోకి వదలకూడదన్నది ఆయన నమ్మకం. మా పెళ్ళిచూపులకు ముందురోజు కూడా మా వీధికి వచ్చి, బండి ఎక్కడ పెట్టాలో చూసుకుని వెళ్ళాడట. ఆ సంగతి పెళ్ళయిన ఏడాదికి గొప్పగా చెప్పాడు.

ఆ సాయంత్రానికల్లా ఆయన ఫోన్లో ఒక జాబితా మొదలైంది. మొదటి పేరు విశాఖపట్నం. మా అత్తమ్మ బోయిగూడలో పెద్ద కొడుకు దగ్గర ఉంటుంది, రోజూ పొద్దున్నే పాపకు నలుగు పెట్టడానికి మా ఇంటికి వస్తుంది. ఆమె పాప కాళ్ళకు నూనె రాస్తూ, "రాత్రంత రైల్ల పోవుడా? ఇంట్ల, మెత్తటి పరుపు మీదనే పండదు గీ పిల్ల. రైల్ల పంటదా?" అంది. విశాఖపట్నం జాబితాలోంచి పోయింది. తర్వాత విమానంలో బెంగళూరు అనుకున్నాడు. ఇంటర్నెట్‌లో పిల్లల చెవినొప్పి గురించి తనే చదివి, తనే భయపడి, తనే కొట్టేశాడు. మైసూరు గంటన్నర మాత్రమే బతికింది. అట్లా ఊరి తర్వాత ఊరు దగ్గరికి జరుగుతూ జరుగుతూ వచ్చి చివరికి వరంగల్ దగ్గర ఆగింది.

"రెండు గంటల జర్నీ," అన్నాడు మా ఆయన, ఏదో కొత్త దేశం కనిపెట్టినట్టు. "అంటే ఒకసారి పాలు, ఒక కునుకు, ఒక ఏడుపు. మనం తట్టుకోగలం."

అత్తమ్మ చెయ్యి ఆగింది. "వరంగల్‌ల మా చిన్నమ్మ బిడ్డ ఉంటది గదా! చెల్లె ఇల్లు ఉండంగ హోటలెందుకు? తెలిస్తే ఇగ జన్మల నాతోని మాట్లాడది."

"అమ్మా, చుట్టాలింటికి పోతే అది టూర్ ఎట్లయితది? పొద్దున లేస్తే ముగ్గురి ఇండ్లకు పోవాలె, ముగ్గురి ఇండ్లల్ల తినాలె."

"తింటే ఏమయితది? తిననీకె గూడ తక్లీఫేనా నీకు?"

ఆయన ఫోన్ తీశాడు. హోటల్ బుక్ చేశాడు, రెండు వారాల తర్వాతి శని, ఆదివారాలకు. ఆ తర్వాతే అసలు మాట బయటపెట్టాడు.

"వచ్చే శనివారం రిహార్సల్ చేద్దాం."

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా వివరించాడు. మొత్తం సామానుతో ఇంట్లోంచి బయల్దేరాలి. ఆటో ఎక్కాలి. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మీద కూర్చుని పాపకు జావ పట్టాలి, డైపర్ మార్చాలి. దేనికెంతసేపు పట్టిందో, ఏం మర్చిపోయామో రాసుకుని ఇంటికి తిరిగి రావాలి.

"మరి రైలు?" అన్నాను.

"ఈ దశలో రైలు లేదు," అన్నాడు చాలా సీరియస్‌గా.

అత్తమ్మ ఇది విని నూనె గిన్నె పక్కన పెట్టింది. "పెండ్లి సుత గిట్లనే ఒకసారి రిహార్సల్ చేసి ఉంటే, పాపం గీ పిల్ల బతికిపోతుండె," అంది నన్ను చూపిస్తూ. కానీ శనివారం తనూ వస్తానంది. సామాను మోసేటప్పుడు పాపను ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి కదా అని పైకి చెప్పింది. తమాషా చూడటానికి వస్తోందని నాకు తెలుసు.

శనివారం పొద్దున ఏడున్నరకు మా గుమ్మం ముందు పేర్చిన సామాను చూస్తే మేం ఇల్లు ఖాళీ చేస్తున్నామనుకుంటారు. రెండు పెద్ద సంచులు, ఒక స్ట్రాలర్, దోమతెర, వేడినీళ్ళ ఫ్లాస్కులు రెండు, పాప స్నానానికి గులాబీ రంగు ప్లాస్టిక్ టబ్బు. టబ్బెందుకని అడిగితే, "హోటల్ బకెట్ల స్నానం చేపిస్తవా?" అని నన్నే నిలదీశాడు. పక్క ఫ్లాటు ఆవిడ తలుపు తీసి, "ఊరికా?" అంది. మా ఆయన ముందుకు నడుస్తూనే "కాదండీ, స్టేషన్‌కు," అన్నాడు. ఆవిడ టబ్బును ఒకసారి చూసి తలుపేసుకుంది.

మేం ఆటో దిగేసరికి అత్తమ్మ సికింద్రాబాద్ స్టేషన్‌కు బోయిగూడ వైపు గేటు దగ్గర భుజానికి చిన్న చేతిసంచి తగిలించుకుని నిలబడి ఉంది. స్టేషన్‌ను అప్పటికి సగం కూల్చేసి సగం కడుతున్నారు. ఎక్కడ చూసినా రేకుల అడ్డాలు, వాటి పక్కన ఇరుకు దారులు. స్ట్రాలర్ మెట్లెక్కదన్న సంగతి మాకు మెట్ల ముందుకు వచ్చాక తెలిసింది. దాన్ని మడవడానికి మా ఆయన ఫోన్లో వీడియో పెట్టుకుని కుస్తీ పడుతుంటే, జనం మమ్మల్ని తప్పుకుని వెళ్తున్నారు. చివరికి దాన్ని మడవకుండానే నెత్తిన పెట్టుకుని ఎక్కాడు. "రాసుకో," అన్నాడు నాతో, ఒగరుస్తూ. "మెట్లు. ప్రాబ్లమ్ నంబర్ వన్."

ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ దొరికింది. పాప మాత్రం మహా సంతోషంగా ఉంది. మైకులో ప్రకటన వచ్చినప్పుడల్లా పైకి చూసి, చేతులూపి, తన భాషలో తిరిగి ప్రకటిస్తోంది. అత్తమ్మ జావ పడుతోంది. మా ఆయన గడియారం చూస్తూ ఫోన్లో టైము ఎక్కిస్తున్నాడు.

మా పక్కన ఒక పెద్దావిడ, ఆమె భర్త కూర్చున్నారు. కాళ్ళ దగ్గర బియ్యం మూట. ఆవిడ చాలాసేపు మా టబ్బునే చూసి, ఇక ఉండబట్టలేక, "ఏ బండికి పోతున్నరు నాయనా?" అని మా ఆయన్ని అడిగింది.

నిజం చెప్పొచ్చు. కానీ ఎట్లా చెప్తాడు? ఏ బండికీ పోవడం లేదు, ఊరికే కూర్చుని చూసి పోదామని వచ్చాం అని, ఇంత సామాను పెట్టుకుని?

"వరంగల్," అన్నాడు.

"అయ్యో, మేం సుత గా బండికే! కాజీపేటల దిగుతం. ఇంకో అర్ధగంటల వస్తది. పరేషాన్ గాకు, నీకు సీటు నేను ఆపుత. పసిపిల్ల ఉంటే ఎవరైనా జరుగుతరు." అక్కడితో ఆగలేదు. భర్తకు చెప్పి మా సంచి ఒకటి తమ మూట పక్కకు జరిపించేసింది. బండి వచ్చాక ఆయనే మోస్తాడట.

మా ఆయన నా వైపు వంగి, "బండి రాంగనే బాత్రూం అని చెప్పి పక్కకు జరుగుదాం," అన్నాడు గుసగుసగా.

అత్తమ్మ చెవులు చాలా చురుకు. "ఎందుకు జరుగుడు? ఎక్కుదాం."

"టికెట్ లేదమ్మా!"

"కౌంటర్ బంద్ అయ్యిందా?"

"హోటల్ బుకింగ్ వచ్చే వారానికుంది."

"ఫోన్ చేసి ఇయ్యాలనే వస్తున్నమని చెప్పు. పిల్ల ఉంది, సామానుంది, బండి వస్తుంది. ఇంకేం గావాలె నీకు?"

ఆయన నా వైపు చూశాడు. నేను వద్దంటానని ఆయన ఆశ. నిజానికి నేనూ భయపడే మనిషినే. కానీ ఆ క్షణాన సామాను మొత్తం మళ్ళీ ఆ మెట్లు ఎక్కించి, ఆటోలో వేసి, అదే ఫ్లాటుకు వెళ్ళి, అదే కిటికీలోంచి అదే గోడ చూడటం తల్చుకుంటే నాకు ఏడుపు వచ్చినంత పనైంది. "నేను పోతా," అన్నాను. "నువ్వు వస్తే మంచిది. టబ్బు మోయాలి."

మూడు జనరల్ టికెట్లకు ఆయన పరుగెత్తిన తీరు నేను ఎప్పటికీ మర్చిపోను. పెళ్ళిలో కూడా అంత హడావిడి పడలేదు.

జనరల్ పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. కానీ ఆ పెద్దావిడ ముందు ఎక్కి, "పసిపిల్ల! పసిపిల్ల!" అని ఒక్క కేక పెట్టేసరికి ఎక్కడినుంచో నాకూ అత్తమ్మకూ సీట్లు వచ్చాయి. మా ఆయనకు రాలేదు. ఆయన టబ్బును పొట్టకు ఆనించుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. పాప ఒక ఒడిలోంచి ఇంకో ఒడిలోకి పోతూ ఘట్‌కేసర్ దాటేలోపు నాలుగు సీట్ల అవతల తేలింది. ఎవరో దాని చేతికి పొడుగ్గా కోసిన కీరదోస ముక్క ఇచ్చారు. అది దాన్ని చిగుళ్ళతో ఘోరంగా నమలడం దూరం నుంచి చూసి మా ఆయన, "కడిగిండ్రా అది?" అని అరిచాడు. పెట్టెలో సగం మంది నవ్వారు. పాలు, కునుకు, ఏడుపు అన్న లెక్కలో ఏ ఒక్కటీ జరగలేదు. పాప రెండున్నర గంటలూ మేలుకుని, జనాన్ని చూస్తూనే ఉంది.

హనుమకొండలో హోటల్ వాళ్ళు ఏ పేచీ లేకుండా గది ఇచ్చారు, అత్తమ్మకు అదనంగా ఒక పరుపు వేశారు. గదిలో నేను మా ఆయన బట్టల సంచి తెరిచాను. తువ్వాలులో చుట్టిన పాత ఇంజనీరింగ్ పుస్తకాలు నాలుగు బయటపడ్డాయి.

"ఇవేంటి?"

ఆయన మొహం చూడాలి. "రిహార్సలే గదా అని... బరువు సరిపోవాలని పెట్టిన."

పాపకు పదహారు జతలు, నాకు రెండు జతలు, ఆయనకు థర్మోడైనమిక్స్. ఆ రెండు రోజులూ ఒకే చొక్కాతో తిరిగాడు. అత్తమ్మ దగ్గర కూడా కట్టుకున్న చీర తప్ప ఏమీ లేదు. కానీ ఆమె దానికి బాధపడలేదు. చౌరస్తాలో దుకాణానికి వెళ్ళి, పచ్చ రంగు నేత చీర ఒకటి తనే ఎంచుకుని కొనుక్కుంది.

మధ్యాహ్నం వేయిస్తంభాల గుడికి వెళ్ళాం. అక్కడ చల్లటి రాతి అరుగు మీద కూర్చోగానే పాప నా భుజం మీద నిద్రపోయింది. సరిగ్గా అప్పుడే అత్తమ్మ ఫోను మోగింది. అటు పక్క వరంగల్ చెల్లెలు. అత్తమ్మ మాకు వేలు చూపించి, మాట్లాడొద్దని సైగ చేసింది.

"ఆఁ చెల్లె... ఏడ, ఇంట్లనే ఉన్న. పిల్లతోని ఒకటే పరేషాన్, ఎటు కదలనీకె లేదు." గుడిలో ఎవరో గంట కొట్టారు. "అదా? పక్కింట్ల పూజ." ఇంకో గంట మోగింది. "పెద్ద పూజ."

ఫోను పెట్టేసి మా వైపు తిరిగి, "చెప్తే ఇగ తిరగనియ్యది. పొద్దుగూకిందాక కూసోబెట్టి తినిపిస్తది," అంది. మా ఆయన నవ్వు ఆపుకోలేక స్తంభం వెనక్కి పోయాడు.

సాయంత్రం కోటకు వెళ్ళాం, అక్కడివాళ్ళు ఖిలా అంటారు. పెద్ద రాతి తోరణం కింద పాపను ఎత్తుకుని నిలబడి, అత్తమ్మ నాతో నాలుగైదు ఫొటోలు తీయించుకుంది. కొంగు సర్దుకుని మళ్ళీ తియ్యమంది. గదికి వచ్చాక ఒక ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టించుకుంది. పెట్టింది నేనే. ఆ స్టేటస్ ఎవరెవరు చూస్తారో ఆమె ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

ఆదివారం పొద్దున ఏడింటికి ఫోను. అత్తమ్మ చెవి దగ్గర పెట్టుకునే లోపే అవతలి గొంతు గదంతా వినిపించింది. "ఏందక్కా, మీ పక్కింట్ల పూజ మా ఖిలాలనా? ఏ హోటల్ చెప్పు!"

గంటలో ఆమె వచ్చింది, నాలుగు గిన్నెల స్టీలు క్యారియర్‌తో. అత్తమ్మతో మాట్లాడలేదు. నాతో మాట్లాడింది, మా ఆయనతో మాట్లాడింది, హోటల్ కుర్చీతో కూడా మాట్లాడేటట్టుంది కానీ అక్క వైపు చూడలేదు. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని మంచం అంచున తప్పు చేసిన బడిపిల్లలాగా కూర్చుంది. చివరికి పాపే దయ తలచింది. పాక్కుంటూ పోయి ఆ చెల్లెలి కొంగు నోట్లో పెట్టుకుంది. ఆమె దాన్ని ఎత్తుకుని, ముద్దు పెట్టుకుని, "మీ నాయినమ్మ అబద్ధాల పుట్ట," అంది. "నువ్వట్ల గాకు." అత్తమ్మ పకపకా నవ్వింది. మంచం మీద పేపర్లు పరిచి అందరం సర్వపిండి, కోడికూర, అన్నం తిన్నాం. ఎక్కువ తిన్నది మా ఆయనే. చుట్టాలిళ్ళలో తిండి గురించి ఆయన అప్పుడేమీ అనలేదు.

తిరుగు రైల్లో కాస్త చోటు దొరికింది. అత్తమ్మ కిటికీ పక్కన, ఆమె ఒడిలో పాప. ఎదురుగా కూర్చున్న ఒకామె కొత్త చీర చూసి, "పెండ్లికి పోయొస్తున్నరా?" అని పలకరించింది.

"లేదమ్మా," అంది అత్తమ్మ.

"మరి ఎవరికన్న బాగలేదా?"

"అందరు మంచిగనే ఉన్నరు. ఊకెనే పోయినం. తిరగనీకె."

ఆ మాట ఆమెకే కొత్తగా అనిపించినట్టుంది, నా వైపు తిరిగింది. "నిజంగనే బిడ్డా. పెండ్లి అన్న అయి ఉండాలె, చావన్న అయి ఉండాలె. లేకుంటే నేను ఎన్నడు రైలెక్కలే."

నేను పాప టోపీ సరిచేశాను. మా ఆయన అవతలి సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు, టబ్బులో కాళ్ళు పెట్టుకుని. జనగామ వచ్చేసరికి పాప ఏడుపు షురూ చేసింది, సికింద్రాబాద్ దాకా ఆపలేదు. పెట్టెలో ఎవరూ విసుక్కోలేదు. అత్తమ్మ దాన్ని భుజాన వేసుకుని, పెట్టె ఈ చివర నుంచి ఆ చివరికి, కనబడిన ప్రతి కిటికీ దగ్గరా ఆగి బయటున్నవేంటో దానికి చెప్తూ, తిరుగుతూనే ఉంది.